సిరా ఆరేదాకా

మా పిన్నిది ఎడమచేతి వాటం. ఇప్పుడైతే ఎవరూ పట్టించుకోరు కానీ, ఆమె బడికి వెళ్లే రోజుల్లో అదో పెద్ద నేరం. ఎడమచేత్తో రాసేవాళ్ల చెయ్యి, అప్పుడే రాసిన తడి అక్షరాల మీద నుంచే జరుగుతూ వస్తుంది. సిరా పెన్నుతో ఒక్క వాక్యం రాసేసరికి పిన్ని అరచేతి అంచు నీలంగా మారేది, పేజీ అలుక్కుపోయేది. పంతులమ్మ ఆ పుస్తకాన్ని క్లాసంతటికీ ఎత్తి చూపించి, "ఇది రాతా, నేల తుడిచిన గుడ్డా?" అనేదట. ఆ పంతులమ్మను నేను చూడలేదు. చూసి ఉంటే నాలుగు దులిపేసేదాన్ని.

మా అమ్మ, పిన్ని ఒకే తరగతి, ఒకే బల్ల. అమ్మ తన రాత గబగబా ముగించుకుని, చెల్లెలి పుస్తకం మీదకు వంగి ఉఫ్ ఉఫ్‌మని ఊదేది. పిన్ని చెయ్యి అక్కడికి వచ్చేలోపు సిరా ఆరాలన్నది అక్కాచెల్లెళ్ల ఒప్పందం. "అక్కడేమైనా పొయ్యి రాజేస్తున్నారా?" అని పంతులమ్మ ఇద్దర్నీ గది బయట నిలబెట్టేది. అమ్మకు నవ్వు వచ్చేది. పిన్నికి మాత్రం ఏడుపు వచ్చేది. చివరికి ఆ సిగ్గుతోనే చదువు మానేసి కుట్టుపనిలో చేరింది. కత్తెరలు కూడా కుడిచేతివాళ్ల కోసమే చేస్తారు కదా, వాటిని తిట్టుకుంటూ తిట్టుకుంటూనే లొంగదీసుకుంది. ఇప్పుడు ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో బట్టలు కత్తిరించడం నేర్పుతుంది. అక్కడ ఆమె మాటకు తిరుగులేదు.

ఆ కేంద్రం ఉన్న వీధిలోనే నాకు జిరాక్సు కొట్టు ఉంది. లామినేషన్ చేస్తాను, పెన్నులు, కాగితాలు అమ్ముతాను. పెన్ను కొనేవాళ్లు గీసి చూసుకోవడానికి బల్ల మీద ఒక చిత్తుకాగితాల కట్ట పెడతాను. కొందరు సున్నాలు చుడతారు, కొందరు సంతకం చేసుకుని మురిసిపోతారు. ఒకరోజు పిన్ని ఊరికే కబుర్లకు వచ్చి, అక్కడున్న సన్నమొన జెల్ పెన్నుతో తన పేరు రాసింది. అలవాటుగా అరచెయ్యి తిప్పి చూసుకుంది. చేతికి ఏమీ అంటలేదు. నమ్మకం కుదరక ఇంకో పెద్ద వాక్యం రాసి మళ్లీ చూసుకుంది.

"ఏమే, ఇదేం పెన్నే?"

"జెల్ పెన్ను పిన్నీ. మొన సన్నం కదా, సిరా కొంచెమే దిగుతుంది. వెంటనే ఆరిపోతుంది."

"నొక్కక్కర్లేదు కూడానే! బాల్‌పెన్నుతో రాస్తే నా వేళ్లు పడిపోయేవి."

"నీకు నచ్చితే తీసుకుపో. ఇంకా సన్నది కూడా ఉంది."

"అదీ ఇటివ్వు."

ఆ రోజు మొదలు పిన్ని రాతకు అడ్డూ ఆపూ లేదు. వంటింట్లో ప్రతి డబ్బాకూ చీటీ అంటించింది. డబ్బా మూత తియ్యకుండానే లోపల ఏముందో, ఎప్పుడు కొన్నారో, దాన్ని ఎవరు ఎక్కువ ఖాళీ చేస్తున్నారో చదువుకునే అదృష్టం మా బాబాయికి పట్టింది. ఆమె అక్షరాలు చూస్తే నాకే ఆశ్చర్యం వేసేది. మిషను కుట్టులా సన్నగా, సమానంగా, ఒక్కటీ పక్కకు వాలకుండా ఉండేవి. ఇన్నేళ్లూ ఈ రాత ఎక్కడ దాక్కుందో అనిపించేది.

శిక్షణ పూర్తిచేసిన వాళ్లకు కేంద్రం సర్టిఫికెట్లు ఇస్తుంది. వాటి మీద పేర్లు రాసే ఆఫీసు ఉద్యోగి మానేయడంతో, ఇక కంప్యూటరులోనే అచ్చువేయిద్దామని కేంద్రం నడిపే పెద్దమేడం అనుకున్నారు. మా పిన్ని వెళ్లి ఆవిడ ముందు నిలబడింది.

"మేడం, ఈసారికి నన్ను రాయనివ్వండి."

పెద్దమేడం కళ్లజోడు పైనుంచి చూసి, "సరే, రాయి. బాగా కుదిరితే ఇక ముందూ నువ్వే. కుదరకపోతే మిషనే," అన్నారు.

పిన్ని నేరుగా నా కొట్టుకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "వాళ్లు ఆ కాగితాన్ని పటం కట్టించి గోడకు పెట్టుకుంటారే! నా రాత గోడల మీద ఉంటుంది!" అంది. మంచి పెన్నులు ఏరి ఇచ్చాను.

ఇక్కడ ఇంకో పెన్ను గురించి చెప్పాలి. బట్ట మీద గుర్తులు పెట్టుకోవడానికి కేంద్రంలోవాళ్లు ఈమధ్యే సుద్దముక్కలు మానేసి కొత్తరకం పెన్ను వాడుతున్నారు. అదీ నల్లటి సన్నమొన జెల్ పెన్నే. బట్ట మీద గీత గీసి, కుట్టేశాక ఇస్త్రీ చేస్తే చాలు, ఆ వేడికి గీత మాయమైపోతుంది. గుడ్డ పెన్ను, కాగితం పెన్ను చూడ్డానికి ఇంచుమించు ఒకటే. పిన్ని వాటిని చూసి గుర్తుపట్టేది కాదు, జేబును బట్టి తీసేది. పని చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్‌లో ఎడమ జేబు కాగితం పెన్నుకి, కుడి జేబు గుడ్డ పెన్నుకి. మొదట్నుంచీ అదే పద్ధతి.

శిక్షణ ముగుస్తుందనగా విద్యార్థినులంతా కలిసి తమ టీచరమ్మకు కొత్త ఏప్రన్ కుట్టి ఇచ్చారు. వాళ్లలో ఒకామెకు మిగతావాళ్లు 'సందేహం' అని పేరు పెట్టారు. ఊపిరి తీసుకోవాలన్నా ముందు ఒక సందేహం అడిగే రకం. "టీచరమ్మది ఎడమచెయ్యి కదా, కుడివైపు జేబు ఎందుకండీ?" అని ఆమె అడిగిందట. అందరికీ అది నిజమే అనిపించింది. కుడి జేబు తీసేసి, ఎడమవైపు ఒక్కటే పెద్ద జేబు ముచ్చటగా కుట్టారు. పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుని ఆ ఏప్రన్ కట్టుకుంది. రెండు పెన్నులూ ఒకే జేబులోకి చేరాయి. ఆ ఏప్రన్ కట్టుకునే సర్టిఫికెట్ల మీద పేర్లు రాసింది. పెద్దమేడం సంతకానికి చెయ్యి చాపితే అదే పెన్ను అందించింది.

ఆదివారం మధ్యాహ్నం సర్టిఫికెట్లన్నీ లామినేషన్‌కి నా దగ్గరకు వచ్చాయి. సాయంత్రమే సభ. తెల్లారితే ఒక రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగాలకు వీళ్లందరూ ఆ సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లాలి. నేను ఒక్కొక్కటే ప్లాస్టిక్ కవరులో పెట్టి కాగే మిషనులోకి తోస్తున్నాను. అవి అవతలివైపు బుట్టలో పడుతున్నాయి. ఆ సమయానికే ఒకాయన వచ్చి జిరాక్సు నల్లగా రాలేదని పేచీ పెట్టాడు. వెలిసిపోయిన కాగితం తెచ్చి నల్లగా రమ్మంటే ఎలా వస్తుందని నేను ఎదురు తగులుకున్నాను. ఆయన్ని సాగనంపి బుట్టలో చూద్దును కదా, కేంద్రం పేరు ఉంది, పూల అంచు ఉంది, మనుషుల పేర్లు లేవు. సంతకాలు లేవు. ఒక్కదాని మీదా లేవు.

పిన్నికి ఫోన్ చేస్తే పరుగున వచ్చింది. వెనకాలే పెద్దమేడం, సభకు కుర్చీలు సర్దుతున్న వాళ్లూ వచ్చారు. పిన్ని ఒక సర్టిఫికెట్ తీసి చూసింది. జేబులో చెయ్యి పెట్టి రెండు పెన్నులూ బయటకు తీసింది. పేర్లు రాసింది గుడ్డ పెన్నుతోనని ఆమెకు అర్థమైంది.

"ఖాళీ కాగితాలు మిగిలాయా?" అన్నారు పెద్దమేడం.

"ఒక్కటీ లేదు మేడం."

"ప్రెస్సు ఇవాళ తీసి ఉండదు. రేపు పొద్దున్న ఈ పిల్లలు ఏం చూపిస్తారు?"

పిన్ని ఏప్రన్ విప్పి మడతపెట్టి నా బల్ల మీద పెట్టింది. "నా చెయ్యే అంత. చిన్నప్పట్నుంచీ ఏది ముట్టుకున్నా చెరిగిపోవడమే," అంది మెల్లగా. నాకు పిన్ని మీదే కోపం వచ్చింది. చెయ్యిదేం తప్పు, జేబుది తప్పని అరిచాను. జేబు కుట్టినవాళ్లందరూ తలలు వంచుకున్నారు.

అప్పుడు సందేహం చెయ్యెత్తింది. అంత గొడవలోనూ చెయ్యెత్తింది!

"మేడం, ఒక సందేహమండీ. మనం కోటు కుట్టిచ్చినావిడ మంచు పడే చోటుకి వెళ్లొచ్చి పోట్లాడింది చూడండి, ఇస్త్రీతో పోయిన గీతలన్నీ కోటు మీద మళ్లీ తేలాయని. చలికి గీతలు తిరిగొస్తే, పేర్లు రావాండీ?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ కోటు గొడవ సర్దిచెప్పింది పిన్నే. "వస్తాయా?" అంది. నేను అప్పటికే కొట్టు తలుపు దగ్గరకు వేస్తున్నాను.

వీధి చివర ఐస్‌క్రీమ్ దుకాణం ఉంది. అద్దం మూత ఉన్న పెద్ద ఫ్రీజర్ ఒకటి అక్కడ గుర్రుమంటూ ఉంటుంది. దుకాణం ఆయన ఈ ఆడవాళ్ల దండును చూసి బేరం తగిలిందని సంబరపడ్డాడు. "ఏ రకం కావాలమ్మా?" అన్నాడు. సర్టిఫికెట్లు కావాలన్నాను. విషయం చెప్పాక కాసేపు నన్ను అనుమానంగా చూసి, పుల్ల ఐసులన్నీ ఒక మూలకు జరిపి చోటిచ్చాడు.

మూత వేసి అందరం అద్దం మీదకు వంగాం. మా ఊపిరికి అద్దం మసకబారితే కొంగులతో తుడిచాం. చాలాసేపు ఏమీ లేదు. "ఐసులైనా కొనండమ్మా, ఊరికే నిలబడతారెందుకు?" అన్నాడాయన. పిన్ని మాత్రం మాతో వంగలేదు, దూరంగా గోడవైపు తిరిగి నిలబడింది.

"గీత!" అని అరిచింది ఎవరో. నిజమే, ఒక కాగితం మీద బూడిదరంగు జాడ కనిపించింది. ముందు ఒక తలకట్టు, తర్వాత ఒక గుడి, ఆ తర్వాత అక్షరాలు ఒళ్లు విరుచుకుంటూ లేచాయి. ఎవరి పేరు కనిపిస్తే వాళ్లు కేక పెట్టారు. పెద్దమేడం సంతకం కూడా తోకతో సహా తిరిగొచ్చింది. ఆవిడ సంతోషం పట్టలేక అందరికీ ఐసులు ఇప్పించారు. దుకాణం ఆయన బేరం దుకాణం ఆయనకు దక్కింది.

సభలో పిన్ని దాచకుండా మైకులో చెప్పేసింది. "పొరపాటు నాది. వీటిని ఎండలో పెట్టకండి, పొయ్యి దగ్గరకు తీసుకెళ్లకండి. రేపటి పని అయ్యాక తెచ్చి ఇచ్చేయండి, కొత్తవి ఇస్తారు." 'ఇస్తాను' అనలేదు, 'ఇస్తారు' అంది. సభ అయ్యాక కాగితం పెన్నులన్నీ ఒక కవరులో వేసి నాకు తిరిగి ఇచ్చింది. నేను వద్దంటున్నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ వంటింటి డబ్బాల మీద చీటీలు మారలేదు. బాబాయి నాకు ఫోన్ చేసి, "ఇంట్లో ఏం బాగాలేదే," అన్నాడు. ఆయన గొంతు అంత దిగులుగా నేనెప్పుడూ వినలేదు.

ఫ్యాక్టరీలో ఉద్యోగాలు వచ్చాయి. ప్రెస్సు నుంచి ఖాళీ సర్టిఫికెట్లు వచ్చాయి. మార్పించుకునే రోజు అందరూ కేంద్రానికి చేరారు. కంప్యూటరు బల్ల మీద సిద్ధంగా ఉంది. నేను ఆ పెన్నుల కవరు సంచిలో వేసుకుని వెళ్లాను, ఎందుకైనా మంచిదని. పిన్ని ఓ మూల బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు.

వరసలో అందరికన్నా ముందు సందేహం నిలబడింది. పాత సర్టిఫికెట్టు గుండెలకు హత్తుకుని ఉంది, ఇవ్వడం లేదు.

"మేడం, ఒక సందేహమండీ. కొత్తదాని మీద టీచరమ్మ రాయకపోతే, నేను ఈ పాతదే ఉంచుకోవచ్చా? ఎండ తగలకుండా చూసుకుంటాను. నా పేరు ఇంత అందంగా ఎప్పుడూ చూసుకోలేదండీ."

వెనకనుంచి ఇంకొకరు, "నాదీ ఇవ్వనండీ," అన్నారు. మూడో ఆమె తనది వీపు వెనక దాచేసుకుంది. పెద్దమేడం ఒకసారి వాళ్లను, ఒకసారి కంప్యూటరును చూశారు. ఆవిడకు నవ్వు ఆగలేదు.

"ఇలా రావమ్మా," అని పిన్నిని పిలిచి తన కుర్చీ లాగి వేశారు. "మిషను మాకెందుకు? ముందు ఆ ఏప్రన్‌కి రెండో జేబు కుట్టించు."

నేను కవరు తీసి బల్ల మీద పెట్టాను. పిన్ని కూర్చుంది. పెన్నును ముందు కాగితం ముక్క మీద గీసి, దాన్ని ఇస్త్రీపెట్టె కింద పెట్టి, గీత పోలేదని చూసుకుని మరీ మొదలుపెట్టింది. ఈసారి వచ్చిన అట్ట నునుపుగా ఉంది, దాని మీద సిరా తొందరగా ఆరడం లేదు. మొదటి అక్షరం తడిగా మెరుస్తోంది, అరచెయ్యి దాని మీదకు జరగబోతోంది.

సందేహం బల్ల మీదకు వంగి తన పేరు మీద ఉఫ్‌మని ఊదింది.

పిన్ని పెన్ను ఆగిపోయింది. "ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలండీ? ఆరకపోతే మీ చేతికి అంటుకోదూ?"

ఆ తర్వాత వరసలో ఎవరి పేరు వస్తే వాళ్లు వంగి ఊదారు. చూస్తున్నవాళ్లూ పక్కనుంచి ఊదారు. గదంతా ఉఫ్ ఉఫ్‌మని ఒకటే సందడి. పిన్ని కళ్లు తుడుచుకుంటూనే ఉంది, కుడిచేత్తో. ఎడమచెయ్యి రాస్తోంది.

సాయంత్రం నా కొట్టుకు వచ్చి, అరచెయ్యి నా మొహం ముందు పెట్టింది. ఎక్కడా మచ్చ లేదు. నా ఫోన్ లాక్కుని మా అమ్మకు కలిపింది.

"అక్కా, ఇవాళ నా రాత మీద ఊదడానికి గదినిండా జనం వచ్చారే!"

అవతల అమ్మ ముక్కు చీదిన చప్పుడు నాక్కూడా వినిపించింది.

"అమ్మయ్య," అంది అమ్మ, "నేనొక్కదాన్నే ఎంతకాలం ఊదనే!"