రోబోలకు రెండు బొట్లు

లోకంలో ఏ వస్తువు చూపించినా రామచందర్ అడిగే ప్రశ్న ఒక్కటే: "గిది ఏమైతది?"

బావమరిది కొత్త కారు కొని, నాంపల్లి స్టేషన్ వెనుక రామచందర్ ఇంటి సందులోకి నానా తిప్పలు పడి తెచ్చి, హారన్ కొట్టి మరీ పిలిచాడు. రామచందర్ కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, వంగి దాని అడుగు చూసి, "ఏమైతది?" అన్నాడు.

"కారు బావా."

"గది కనబడుతనే ఉన్నది. ఇంకేమైతది?"

ఇంకేమీ కాదని తేలాక రామచందర్ ముఖంలో కనిపించిన జాలి చూసి, బావమరిది మిఠాయి డబ్బా కూడా దించకుండా బండి వెనక్కి తిప్పుకున్నాడు. మేనకోడలి పెళ్లిచూపుల్లో, పిల్లవాడు ఇంజనీరని చెప్పగానే "మరి తర్వాత ఏమైతడు?" అని అడిగిందీ ఈయనే. పెళ్లి ఆగలేదు గానీ, సొంత మేనమామకు శుభలేఖ పోస్టులో వచ్చింది.

ఈ జబ్బుకు మూలం పాత జపాన్ కార్టూన్లలోని రోబో బొమ్మలు. విమానాన్ని పట్టుకొని రెక్కలు వెనక్కి విరిచి, ముక్కును కడుపులోకి నెట్టి, తోకను రెండుగా చీలిస్తే కాళ్లు చాపుకొని లేచి నిలబడే రోబోలు అవి. మూడు బండ్లు ఒకదాని నెత్తిన ఒకటెక్కి ఒక్క మనిషయ్యేవి కూడా ఉన్నాయి. చిన్నప్పుడు పక్కింటివాళ్లకు దుబాయ్ నుంచి వచ్చిన వీడియో క్యాసెట్‌లో ఆయన అలాంటి కార్టూన్ ఒక్కసారి చూశాడు. సరిగ్గా విమానం రోబోగా మారబోతుండగా కరెంటు పోయింది. ఆ మిగతా సగాన్నే ఇప్పటిదాకా వెతుకుతున్నాడని ఆయన భార్య విజయ సిద్ధాంతం.

వెతికే చోటు ఆబిడ్స్. ఆదివారం దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఆ వరస చివర సాయన్న ఒక దుప్పటి పరిచి పాత బొమ్మలు అమ్ముతాడు. ఊరంతా అక్కడినుంచి పుస్తకాలు చంకన పెట్టుకొని వస్తుంటే, రామచందర్ చెయ్యి లేని రోబోనొకదాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వచ్చేవాడు.

ఇంట్లో రోబోలది ప్రత్యేకమైన అద్దాల బీరువా. బంగారం ఉన్న బీరువా తాళంచెవి ఫ్రిజ్ పక్క మేకుకు వేలాడుతుంది. రోబోల తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకు. చుట్టాల పిల్లలు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడితేనే దర్శనం. ఒకసారి విజయ దుమ్ము తుడుస్తూ ఒక రోబో చెయ్యి పైకెత్తిందని ఆయన రెండు పూటలు ఆమెతో మాట్లాడలేదు. "గది నమస్తే పెడుతున్నదనుకోరాదా" అని ఆమె అన్నా కరగలేదు.

ఇక దసరా వస్తే సందంతా వేడుక చూసేది. అందరూ స్కూటర్లు కడిగి పూజ చేస్తుంటే, ఈయన రోబోలన్నిటినీ బండ్లుగా మడిచి వరండాలో వరసగా నిలబెట్టి బొట్లు పెట్టేవాడు. చక్రం కింద నిమ్మకాయ పెడదామంటే బండికన్నా నిమ్మకాయే పెద్దది. అందుకని నిమ్మకాయ మీదికే బండినెక్కించేవాడు. దాంతో అయిపోదు. రోబోల చేతుల్లో కత్తులూ తుపాకులూ ఉన్నాయి, దసరాకు ఆయుధపూజ కూడా చెయ్యాలి కదా. కనుక అన్నిటినీ మళ్లీ రోబోలుగా విప్పి రెండో బొట్టు. ఇది సరైనదేనా అని గుడి పంతులుగారిని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, శాస్త్రంలో చెయ్యమని లేదు, వద్దని కూడా లేదు అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

కిందటి వానాకాలం విజయ మెట్లమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమె ఆబిడ్స్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచరు. కట్టు విప్పేసరికి వేళ్లు కర్రపుల్లల్లా బిగుసుకుపోయాయి. కుంచె సంగతి సరే, కూరలోకి చిటికెడు ఉప్పు కూడా అందడం లేదు. పిసుకుతూ ఉండమని దవాఖానలో రబ్బరు బంతి ఇచ్చారు. రెండు రోజులు పిసికి, విసుగొచ్చి విసిరేస్తే, అది ఫ్రిజ్ కిందికి దొర్లి అక్కడే కాపురం పెట్టింది. దసరా సెలవుల తర్వాత కూడా బోర్డుమీద గీయలేకపోతే వేరే టీచరును పెట్టుకుంటామని బడివాళ్లు మెత్తగానే చెప్పారు. "పోనియ్యి, పిల్లలకు మామిడికాయ గీయించీ గీయించీ నాకూ యాష్టకొచ్చింది" అంది విజయ, గోడవైపు తిరిగి.

ఆ సాయంత్రమే రామచందర్ ఒక పెద్ద రోబోను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"విజయా, జర గీ కాలు బయటికి గుంజు. నాకు కండ్లు ఆనుతలేవు."

"ముట్టద్దంటరు కద."

"ఇయ్యాల ముట్టు."

ఆమె తిట్టుకుంటూనే గుంజింది. మర్నాడు అదే రోబో మళ్లీ బిగుసుకుందన్నాడు. ఆ పై వారం కొంచెం చిన్నది. తర్వాత ఇంకా చిన్నది. విప్పే పద్ధతి జపాన్ భాషలో ఉన్న కాగితాన్ని ఆయన తలకిందులుగా పట్టుకొని, రెక్క ఎటు మడవాలో తెలియడం లేదని బిక్కముఖం పెట్టేవాడు. "మరి ఇన్నేండ్ల సంది వీటితోని ఏం జేసిన్రు?" అని విజయ నిలదీస్తే, "చూసిన" అనేవాడు. ఆమె తిడుతూ విప్పడం, మళ్లీ మడవడం, ఆయన తిట్లు తినడం రోజూ ఉండేదే. చెల్లెలు ఫోన్ చేసినప్పుడు, ఏటా దసరాకు విప్పినవే మరిచిపోయాడు, బావకు మతి మందగిస్తున్నది, ఎవరికైనా చూపించాలేమో అని విజయ రహస్యంగా బాధపడింది కూడా.

దసరాకు ముందు ఆదివారం, గీసి చూసుకుందామని ధైర్యం చేసి, కాగితాలకోసం విజయ ఆబిడ్స్ వెళ్లింది. సాయన్న గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. దుప్పటిమీది చిన్న రోబోనొకటి చేతిలోకి తీసుకొని, ఇలాంటివి విప్పడం సారుకు చేతకావడం లేదని ఆమె వాపోయింది.

సాయన్న నవ్వాడు. "సారుకా? సార్ కండ్లు మూసుకొని తిప్పుతడు మేడం. గీడ కూసొని జనాలకు ఆట చూపిస్తడు. కాని ఈ నడుమనే ఏమైందో. ముందుగాల వదులుగున్నయి అడిగిండు. తర్వాత జర బిగువుయి అన్నడు. ఇప్పుడేమో గోరంత కీళ్లున్నయి, గట్టిగున్నయి చూడమంటున్నడు. నేనే పరేషానైతున్న."

విజయ తన చేతివైపు చూసుకుంది. మాటల్లో పడి ఆమె గమనించలేదు గానీ, రోబో అప్పటికే విమానమైపోయింది.

ఇంటికి వచ్చి ఆ సంగతి ఎత్తలేదు. దసరానాడు వరండాలో బండ్లకు మొదటి బొట్టు అయ్యాక, రామచందర్ ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి, అలవాటుగా నిట్టూర్చాడు. "గిది నాతోని అయితలేదు."

"ఔ, మీతోని ఏమైతది?" అని విజయ దాన్ని లాక్కుంది. ఒకటి విప్పి, ఇంకొకటి విప్పి, వరసంతా నిలబెట్టింది. ఉంగరపు వేలితో కుంకుమ అద్దుకొని, కందిగింజంత నుదుళ్లమీద రెండో బొట్టు ఒక్కటీ చెదరకుండా పెట్టుకుంటూ పోయింది. పసుపు పళ్లెం పట్టుకున్న రామచందర్‌కు నవ్వు దాచుకోవడానికి మీసం సరిపోలేదు.

బడి తెరిచిన రోజు ఆమె బోర్డు నిండా విమానం గీసి, పిల్లలవైపు తిరిగి, "ఇది ఏమైతది?" అని అడిగింది. విమానమే టీచర్ అన్నారందరూ. విజయకు వాళ్లమీద జాలేసింది.

సాయంత్రం రామచందర్ మొలతాడు తడుముకుంటూ వచ్చాడు.

"చెయ్యి మంచిగైనట్టే గద. మరి బీరువకు తాళమేద్దునా?"

విజయ వేళ్లు విదిలించి, కష్టంమీద ముఖం ముడుచుకుంది. "ఇంకా జర గుంజుతున్నది. జనవరిల నుమాయిష్ ఎగ్జిబిషన్ దాకా చూద్దాం."

ఆ గుంజుడు ఎంతో ఆయనకు తెలియదా. అయినా నొప్పి ఎక్కడ అని అడగలేదు. ఔ, తొందరపడొద్దని తలూపి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, ఫ్రిజ్ పక్క మేకుకు బంగారం బీరువా తాళంచెవి మీద తగిలించాడు.