అల్వాల్ నుంచి నేరేడ్‌మెట్‌కు తిన్నని దారి

2009 ఎండాకాలంలో సికింద్రాబాద్‌లోని ఒక చిన్న వీడియో గేమ్ కంపెనీలో టెస్ట్ లీడ్‌గా చేరాను. అప్పటిదాకా బ్యాంకుల ప్రోగ్రాములు తనిఖీ చేసినవాణ్ని, ఆటల సంగతి బొత్తిగా తెలియదు. “జీతమిచ్చి ఆడిపిస్తరా? మంచిగుంది నీ నౌకరీ” అని మా ఆవిడ ఎగతాళి చేసింది. ఆడించే మాట నిజమే. కానీ ఆడిందే ఆడుతూ, అది ఎక్కడ చెడుతుందో పట్టుకుని, చెడిన తీరు ఇంకొకరికి అర్థమయ్యేలా రాసి ఇవ్వడం ఆట కాదని నెల తిరక్కుండానే తెలిసొచ్చింది.

ఒక విదేశీ సంస్థ తయారు చేయిస్తున్న అంతరిక్ష వ్యూహక్రీడలో ఒక భాగం మా చేతికి వచ్చింది. ఆ ఆటలో మనకు మొదట ఒక్క నక్షత్రమే ఉంటుంది. మిగతా పటమంతా చీకటి. వేగునౌకను పంపితే, అది చేరిన నక్షత్రం వెలుగుతుంది, దాని చుట్టూ గ్రహాలు కనిపిస్తాయి. నక్షత్రాల మధ్య గీతల్లాంటి దారులుంటాయి. రైలు పట్టా వదిలి పోలేనట్టే నౌకలు ఆ దారులు వదిలి పోలేవు. ఇంధనం ఎంతుంది, మధ్యలో ఎక్కడ ఆగాలి, అవతల శత్రువు కాచుకుని ఉన్నాడా అని చూసుకుని బయలుదేరాలి. ఆ దారులూ వాటి మీది ప్రయాణమూ సరిగా ఉన్నాయని తేల్చడమే మా పని.

నక్షత్రాలకు కంప్యూటర్ ఇచ్చిన పేర్లు అక్షరాలూ అంకెలూ కలగలిసినవి. గదిలో ఒకరికొకరు కేకేసి చెప్పుకోవడానికి పనికిరావు. అందుకని నాకంటే ముందునుంచే అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. టెస్టర్లు తమ తమ పేటల పేర్లు నక్షత్రాలకు పెట్టుకునేవారు. ఆ పేర్లు మా తనిఖీ ప్రతిలోనే ఉంటాయి, ఆట కొన్నవాళ్లకు కనిపించవు. పటం నడిమధ్య, అన్ని దారులూ కలిసే నక్షత్రం పేరు స్టేషన్, మా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ గుర్తుగా. సీనియర్ టెస్టర్ యాదగిరిది రాంగోపాల్‌పేట్ కాబట్టి దాని పక్కదానికి ఆ పేరు పెట్టాడు. మాది అల్వాల్, నేను వచ్చాక ఉత్తరాన ఉన్న ఒక నక్షత్రానికి ఆ పేరు పడింది. తూర్పున ఉన్నది అంతకుముందే నేరేడ్‌మెట్.

ఆ భాగం అప్పగించే గడువు దగ్గరపడింది. నౌకలు దారి తప్పితే ఈ పని మొత్తం తమ దేశానికే తీసుకుపోతామని ఆ విదేశీ సంస్థ ముందే రాసింది. అంటే మా టెస్టర్ల గదికి తాళమే. అందరికంటే ముందు పోయేది ఎస్తేరు ఉద్యోగం. ఆమె నర్సాపురంలో టీచర్ పని వదులుకుని కొత్తగా వచ్చి చేరింది. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. సికింద్రాబాద్‌లో ఆఫీసు, చర్చి, అద్దెగది తప్ప ఏమీ తెలియదు.

అప్పగించడానికి ముందురోజు యాదగిరి చివరి తనిఖీ చేస్తుంటే ఆమె పక్కన కూర్చుని చూస్తోంది. ఆట తనంతట తానే దగ్గరి దారి చూపిస్తున్నా, అతను దాన్ని కాదని ముందు స్టేషన్ మీద నొక్కి, తరువాత నేరేడ్‌మెట్ మీద నొక్కాడు.

“అల్వాల్ నుంచి నేరేడ్‌మెట్‌కి తిన్నగా గీత ఉంది కదండీ. అంత చుట్టూ తిరగడం ఎందుకు?” అంది.

“అట్ల పోరాదు మేడం, గేట్ బంద్ ఉంటది” అన్నాడు యాదగిరి, తల తిప్పకుండానే.

“ఆకాశంలో గేటేంటండీ?”

గదిలో నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను. నవ్వుతూనే పటం వైపు తిరిగాను. సైన్యం ఉండే మా కంటోన్మెంట్ మధ్య నుంచి పోయే అల్వాల్-నేరేడ్‌మెట్ దారిలాంటి కొన్నిటికి మిలిటరీ గేట్లుంటాయి. అవి ఎప్పుడు తెరిచి ఉంటాయో మాలాంటివాళ్లకు తెలియదు. ఎందుకొచ్చిన గొడవ అని ఊరివాళ్లం చుట్టుదారినే పోతాం. పేర్లతో పాటు ఆ అలవాటునూ ఆకాశానికి ఎక్కించాం. మా నియమావళి ప్రకారం ప్రతి నక్షత్రాన్నీ చేరితే చాలు, ప్రతి దారినీ తొక్కాలని అందులో లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఎస్తేరును తిన్నగా పంపి చూడమన్నాను. నౌక అల్వాల్ వదిలింది. నేరేడ్‌మెట్ చేరలేదు. ఆటలో ఎన్ని వంతులు గడిపినా చేరలేదు, వెనక్కీ రాలేదు. పటంలో ప్రతి దారినీ రెండు కొసల్లోనూ నమోదు చెయ్యాలి. నేరేడ్‌మెట్ కొసలో అది నమోదు కాలేదు.

మా వృత్తిలో తప్పులకు హోదాలుంటాయి. ఆటనే నిలిపేసే తప్పుది మొదటి హోదా. అది ఒక్కటి మిగిలి ఉన్నా ఆట గడప దాటకూడదు. కనిపెట్టినవారి పేరు కూడా దానిమీద పడుతుంది. “నా పేరు వెయ్యకండి సార్, ఆలస్యానికి నేనే కారణమంటారు” అని ఎస్తేరు బతిమాలింది. వేయక తప్పదన్నాను. డైరెక్టర్ తల పట్టుకుని, “ఇయ్యాల్నే దొరకాల్నా ఇది?” అన్నాడు. రేపు వాళ్లకు దొరకడం కంటే నయం కదా అన్నాను. ఆయన ఫోన్ చేసి కొద్దిరోజుల గడువు అడిగాడు. ఇచ్చారు గానీ, తమ మనిషే వచ్చి స్వయంగా ఆడి చూస్తాడని మెలిక పెట్టారు.

ప్రోగ్రామర్ ఆ దారిని బాగుచేశాడు. నేను పేటల పేర్లన్నీ తీయించి పాత అంకెలే పెట్టించాను. “జబాన్ తిరుగుత లేదు సార్, మస్తు పరేషాన్ ఉంది” అని యాదగిరి గొణిగాడు. అయినా దారులన్నిటినీ రెండువైపులా అతనే దగ్గరుండి తొక్కించాడు. ఇంకెక్కడా నౌక మాయం కాలేదు.

ఆ విదేశీ సంస్థ తరఫున వచ్చినాయన పొడగరి, మితభాషి. కొంతసేపు అటూ ఇటూ తిరిగి, తన నౌకలన్నిటినీ మా పాత అల్వాల్‌లో చేర్చాడు. అక్కడి నుంచి తిన్నని గీత మీదే నడిపించాడు. ఎస్తేరు కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. నాకైతే ఏ దేవుడూ గుర్తు రాలేదు. నౌకలు ఒక్కొక్కటే అవతల తేలాయి. ఆయన ఆ సంగతి గమనించనైనా లేదు, టీ దొరుకుతుందా అని అడిగాడు.

టీ తేవడానికి యాదగిరి పరుగెత్తాడు. తిరిగొస్తూ నా చెవిలో, “బతికినం సార్, గేట్ తెరిచిన్రు” అన్నాడు. ఎస్తేరు కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. పని మా దగ్గరే ఉంది, ఆమె ఉద్యోగమూ నిలిచింది.

ఆ తరువాత రెండు నియమాలు పెట్టాను. చేరామా అని కాదు, ప్రతి దారినీ తొక్కామా అని చూడాలి. చివరి తనిఖీ ఆ పటం ఎరగనివాళ్లే చెయ్యాలి. తెలిసినవాడి కాళ్లు తెలిసిన దారినే పోతాయి, మిగతా దారులు ఉన్నట్టే అతనికి తోచదు. రిటైరయ్యేదాకా ఆ నియమాలు తప్పలేదు. నా మటుకు నేను ఇప్పటికీ అల్వాల్ నుంచి నేరేడ్‌మెట్‌కు స్టేషన్ మీదుగానే వెళ్తాను. ఆ గేటు తెరిచి ఉంటుందో మూసి ఉంటుందో ఎవరైనా అడిగితే చెప్పలేను, ఒక్కసారీ పోయి చూడలేదు.