గొర్లు అమ్మొద్దన్న అక్క

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో, మక్తల్ దగ్గర మా ఊళ్లో పక్కింటి అక్కంటే అందరికీ గొప్ప. శంషాబాద్‌లో విమానాలు బాగుచేస్తుందని వాళ్లమ్మ కనబడినవాళ్లకల్లా చెప్పేది. పదో తరగతి అయ్యాక నేనూ ఆ పనే నేర్చుకుంటానని ఇంట్లో మొండికేశాను. మా నాయినకు గొర్లు తప్ప వేరే లోకం తెలియదు. అయినా కాదనలేదు.

ఆ ఎండాకాలం సిటీ నుంచి ఒక కాలేజీ ఏజెంటు వచ్చాడు. ఇంటర్ కూడా అక్కర్లేదు, ఏడాది చదివితే ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఖాయమన్నాడు. ఫీజు కోసం నాయిన సగం మంద అమ్మడానికి సిద్ధపడ్డాడు. ఏజెంటు మా అరుగు మీద ఉండగానే బేరగాడు వచ్చి గొర్లను పట్టి చూస్తుంటే, సెలవు మీద వచ్చిన అక్క మా వాకిట్లోకి వచ్చింది. కాలేజీ పేరు అడిగింది. విని నాయిన వైపు తిరిగింది.

"కాకా, గొర్లు అమ్మకు. గా కాలేజీకి సర్కారు గుర్తింపు లేదు. నేను గాడనే చదివిన."

"మరి నువ్వు విమానాలు బాగుచేస్తున్నవు గద బిడ్డా?" అన్నాడు నాయిన.

"లేదు కాకా. విమానంల సీట్లు తుడుస్తున్న. అమ్మకు గూడ చెప్పలే."

ఆ మాట అనే ముందే వాళ్లమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క ఆమెను చూసింది. చూసి కూడా ఆగలేదు. ఏజెంటు ఏదో గొణిగి బండెక్కి పోయాడు. నాయిన బేరగాణ్ణి పంపించేశాడు.

తర్వాత అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ తీసుకోవాలనీ, గుర్తింపున్న చోటే చేరాలనీ, అనుభవమున్నవాళ్ల చేతికింద ఏళ్లపాటు పనిచేస్తే తప్ప విమానం ఎగరొచ్చని సొంతంగా సంతకం పెట్టే లైసెన్సు రాదనీ చెప్పింది. "జల్ది అయితదని ఎవడన్న అంటే నమ్మకు" అంది.

అక్క వాళ్లమ్మ, నాకు పెద్దమ్మ వరస, చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. అక్క మాత్రం, నేను సిటీకి చదువుకు వెళ్లినప్పుడు, తన కిరాయి గదిలోనే నన్ను ఉంచుకుంది. ఒక పరీక్ష తప్పి అన్నం తినకుండా ఏడుస్తుంటే కంచం నా ముందుకు జరిపి, "నాకు గీ పరీక్ష రాసి ఫెయిల్ గానీకి గూడ ఛాన్స్ దొరకలే. మళ్ల రాయి" అంది. మళ్లీ రాశాను.

ఇప్పుడు నాకు లైసెన్సు ఉంది. అక్క విమానాలు శుభ్రం చేసేవాళ్ల మీద సూపర్‌వైజరుగా ఉంది. పెద్దమ్మ ఇప్పుడు బిడ్డ పని ఏమిటో ఉన్నదున్నట్టే చెబుతుంది.

మా వైపు పిల్లలు ఈ చదువు గురించి ఫోన్ చేసి అడుగుతుంటారు. నేను తప్పిన పరీక్షల గురించి, ఉద్యోగం కోసం ఎదురుచూసిన నెలల గురించి ముందే చెప్పేస్తాను. కొందరు మళ్లీ ఫోన్ చేయరు. చెప్పేటప్పుడు నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది. కానీ అక్క ఆ రోజు కన్నతల్లి ఎదుట నిలబడి నిజం చెప్పింది. దాని ముందు నా సిగ్గెంత.