రెండో గీత రాని పట్టీ: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

మోకాళ్ల నొప్పులకు రెండు నెలలు నాటుమందు పొడి తిన్నాను. హిందూపురంలో రక్తపరీక్ష చేయిస్తే మూత్రపిండాల పని కొద్దిగా మందగించిందని డాక్టరు చెప్పి, వెంటనే ఆ పొడి మానేయమన్నారు. నాకంటే అక్క గురించి ఎక్కువ భయం వేసింది. ధర్మవరంలో చీరలు నేసే మా అక్కకు, నేను మొదలుపెట్టక ముందే, ఆ పొడి కొని పంపింది నేనే. ఆమె ఆరు నెలలుగా తింటోంది. ఫోన్ చేసి మానేయమంటే ఒప్పుకోలేదు. "అది తిన్నాంకనే మగ్గం గుంతలో కాళ్లు మడవగలుగుతాండా. ఊరికే మానమంటే ఎట్ల మానేది?" అంది.

ఆమె నమ్మాలంటే రుజువు కావాలి. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే సహోద్యోగిని, తన పరిశోధనలో తయారవుతున్న పరీక్ష పట్టీలు ఐదు ఇచ్చింది. ఇవి ఇంకా బజారులోకి రాలేదు. కొన్ని మూలికల్లో మూత్రపిండాలను చెడగొట్టే ఆమ్లం ఉంటుందట. దాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు పట్టీలో ఉంటాయి. "రెండు గీతలు పడితే ఆ విషం కనబడనట్టు మేడమ్. ఒకటే పడితే ఉన్నట్టు. కొవిడ్ పరీక్షలా చూడొద్దండి, ఇది దానికి తలకిందులు" అని రెండుసార్లు చెప్పింది.

ఆదివారం ఉదయం ఏడింటికి హిందూపురంలో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గంటకు పైగా ప్రయాణం. పెనుకొండలో దిగి, నలభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని, నేను పొడి కొన్న మూలికల అంగడికి వెళ్లాను. అంగడి ముసలాయన నేను వచ్చిన పని విని కోప్పడలేదు. "చూడమ్మా, దాచేదేముండాది?" అంటూ పొడి డబ్బా ముందుకు జరిపాడు.

చిటికెడు పొడిని చిన్న సీసాలోని ద్రావణంలో కలిపి, కాసేపు ఆగి, మూడు చుక్కలు పట్టీ మీద వేశాను. పది నిమిషాలకు ఒకటే గీత. "ఏం లేదు తాతా" అనేశాను. ఆయనా నవ్వాడు. పట్టీని కవర్లో పెడుతుంటే సహోద్యోగిని మాట గుర్తొచ్చింది. పట్టీని బయటికి తీసి గీతలు మళ్లీ లెక్కపెట్టాను.

"ఏమాయమ్మా?"

"ఒకటే పడితే ఉన్నట్టు తాతా. నేను తప్పు చెప్పినా."

ఆ పొడిలో పడేవి మూడు వేర్లు. ఆయనే విడివిడిగా తెచ్చి ఇచ్చాడు. రెండింటికి రెండేసి గీతలు పడ్డాయి. మూడోదానికి ఒక్కటే.

"ఈశ్వరి వేరు" అన్నాడు నెమ్మదిగా. "మా నాయన దినాల్నుంచి ఏస్తాండాము. నేనూ దినామూ తింటాండా కదమ్మా. నాకూ ఏమన్నా అయ్యుంటాదా?"

రేపే రక్తం చూపించుకోమన్నాను. ఆయన ఆ వేరు బస్తా మూతి గట్టిగా కట్టేశాడు. తర్వాత అంగడి తలుపులు మూసేశాడు.

ధర్మవరం బస్సులో గంటన్నర పట్టింది. అక్క మగ్గం మీదే ఉంది. ఆమె డబ్బాలో అడుగున మిగిలిన పొడికి చివరి పట్టీ వాడాను. పది నిమిషాలూ ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. రెండో గీత రాలేదు. అక్క లేచి చెప్పులు వేసుకుంది. మూసే వేళకు ల్యాబ్ చేరి రక్తం ఇచ్చాం. సాయంత్రం ఫోన్‌లో వచ్చిన రిపోర్టులో, మూత్రపిండాల పని తగ్గేకొద్దీ పెరిగే క్రియాటినిన్ అంకె నాదానికంటే బాగా ఎక్కువగా ఉంది. ఆదివారం కాబట్టి చూపించడానికి డాక్టరు లేరు.

"నువ్వు కావాలని ఇచ్చినావా ఏమి? ఏడవాకు" అంది అక్క. ఆ మాటకే నాకు ఏడుపు ఆగలేదు.

సోమవారం డాక్టరు పొడి మాన్పించి, నెలనెలా పరీక్ష రాశారు. చెడినంత మేర తిరిగి రాకపోవచ్చు, ఇంకా చెడకుండా చూద్దాం అన్నారు. ఆ మాటలోని రెండు ముక్కల్లో ఏది నమ్మాలో నాకింకా తెలియడం లేదు. ప్రేమతో ఇచ్చిన చేయి నాది. ఆ చేత్తోనే ఇప్పుడు అక్క రిపోర్టులు తేదీల వారీగా సర్దుతున్నాను. మీరూ ఇలాంటి పనిమీద బయల్దేరితే ఆదివారం వెళ్లకండి. డాక్టరు ఉండే రోజున, మీరు తింటున్న మందు డబ్బాతో సహా వెళ్లండి.