పేరు మీద కాగితం

మా చిన్న మావయ్యకి రచయితలంటే పడదు. పుస్తకాలంటే ప్రాణం, వాటిని ఎవరో మనుషులు రాశారన్న సంగతే ఆయన క్షమించలేకపోయేవాడు. అద్దె పుస్తకాల కొట్టు ఆయనది. కొత్త పుస్తకం రాగానే అట్ట మీదా లోపలా రచయిత పేరున్న చోటల్లా గోధుమరంగు కాగితం అంటించి, వెనక ఫొటో ఉంటే దానికీ ముసుగు వేస్తే గాని అలమరలో పెట్టేవాడు కాదు. ఈ వయసులో కూడా నేను కలం పట్టినప్పుడల్లా ఆ జిగురు వాసనే వస్తుంది.

"ఫలానా ఆయన నవల ఉందాండీ?" అని ఎవరైనా అడిగితే, "ఆయన ఇక్కడ ఉండడు. నవల కావాలంటే చెప్పండి" అనేవాడు.

పాఠకుల మీదా అంతే దయ. ఆదివారాలు కొట్టులో ఒక కథ చదివి చర్చించేవాళ్లం. పోస్టుమాస్టరు గారి భార్య "నాకైతే ఏడుపొచ్చిందండీ" అనబోతే, "మీ ఏడుపు మీది. పేజీలో ఏముందో చెప్పండమ్మా" అనేవాడు. ఆవిడ పాపం, సగం తుడిచిన కళ్లతోనే పేజీ వెతుక్కునేది.

ఆ రోజుల్లో నేనొక కథ రాశాను. మా నాన్న చదవకుండానే "మా అమ్మాయి రాస్తే బాగోకపోవడమేమిటి!" అన్నారు. అన్నయ్య చదవకుండానే నవ్వాడు. ఒక్కరైనా నిజం చెబితే సరే, లేకపోతే రాయడం మానేద్దామనుకుని మావయ్య చేతిలో పెట్టాను. చదివి "ఊఁ" అన్నాడు. అంతే.

మరుసటి ఆదివారం టైపు చేసిన కాగితాలు పంచాడు. పేరుండాల్సిన చోట మామూలుగానే అతుకు. చూద్దును కదా, నా కథే! ఎండలో, వానలో, ఇంట్లో, వాకిట్లో గొడుగు వదలని ఒక ముసలావిడ కథ.

ఆడవాళ్లు రాసింది ముట్టుకోనని గొప్పగా చెప్పుకు తిరిగే పళ్ల డాక్టరు లేచాడు. "ఆ గొడుగు గొడుగు కాదండీ. పోయిన మొగుడు!"

నేను ఉండబట్టలేక, "కాదండీ, అది ఉత్త గొడుగే" అన్నాను.

"నీకెలా తెలుసే?" మావయ్య కసిరాడు.

"అంటే... రాసినవాళ్లు అలా అనుకుని..."

"రాసినవాళ్లు వచ్చి చెప్పినా ఇక్కడ చెల్లదు. కాగితం మీద ఉంటే చూపించు, లేకపోతే నోరు మూసుకుని కూర్చో."

కొట్టు నిండా ఉన్న జనంలో నా కథ గురించి మాట్లాడే హక్కు నాకొక్కదానికే లేకుండా పోయింది.

డాక్టరు చివరి పేరా శుద్ధ దండగన్నాడు. తర్వాత మొగుడన్న మాటకి రుజువుగా ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. "పడుకునేటప్పుడు గొడుగుని మంచం మీద గోడవైపు పెట్టి, తను ఇవతల ఒద్దికగా సర్దుకుందని ఉంది, చూడండి."

నిజమే, ఉంది. రాసింది నేను, చూసింది ఆయన.

"ఈ మనిషెవరోగాని రాయడం మానకూడదండీ!"

"మనిషి మాటెత్తకండి!" మావయ్య గర్జించాడు.

"సరే బాబూ, ఇలాంటిది ఇంకోటుందా?"

మావయ్య నా వైపు చూడనైనా చూడకుండా జిగురు డబ్బా మూత బిగిస్తూ, "వచ్చే నెలకి ఉంటుంది" అన్నాడు.

ఇంకేం చేస్తాను? రాశాను.

చాలా ఏళ్లకి నా మొదటి పుస్తకం అచ్చయితే పరిగెత్తుకెళ్లి ఇచ్చాను. అట్ట మీద నా పేరుని వేలితో నెమ్మదిగా తడిమాడు. తర్వాత జిగురు డబ్బా తీశాడు.

"మావయ్యా! నా పేరు కూడానా?"

"పేరు కనిపిస్తే నా మేనకోడలివని మొహమాటానికి మెచ్చుకుంటారే. అది నీకు అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు."

అంటించేశాడు. కాకపోతే ఆ ఒక్క కాగితానికి మాత్రం పై అంచుకే జిగురు రాశాడట. కొట్టులో ఎవరూ లేనప్పుడు తెరలా ఎత్తి చూసుకుంటాడని తర్వాత అత్తయ్య చెప్పింది.