పుట్టింటి బొట్టు

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. అందులో కూడా రాయలేదు. నా మెడలోని తాళిలో, నా భర్త కాని మనిషి ఇచ్చిన బంగారం ఉంది.

తూస్తే ఎంతో ఉండదు. కానీ ఇన్నేళ్ళుగా మోసి అలిసిపోయాను. భయం మొదటి ఏడాదిలోనే పోయింది. ఏడుపు ఆ తర్వాత పోయింది. ఈ అలసట మాత్రం పోలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

మాది జమ్మలమడుగు. డిగ్రీ చదవడానికి రోజూ బస్సులో ప్రొద్దుటూరుకు పోయేదాన్ని. అదే బస్సులో అతనూ వచ్చేవాడు. మా ఊరి ముస్లింల అబ్బాయి, ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో పని. నా చేతిలోని పుస్తకం వైపు కొన్నాళ్ళు చూసి చూసి, చదవడం అయిపోయాక ఇస్తారా అని ఒకరోజు అడిగాడు. మా పరిచయం అంతే. ఆ తర్వాత పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్నాం. అతను తిరిగిచ్చే పుస్తకానికి, అంగడిలో చీరలు చుట్టే కాగితంతో అట్ట వేసి ఉండేది. నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేని పిల్లను. అతనితోనూ పెద్దగా మాట్లాడలేదు. కానీ నేను ఏ పేజీ దగ్గర ఆగిపోయానో, అడగకుండానే అతనికి తెలిసేది. అలా తెలిసిన మనిషి నాకు అంతకుముందు లేడు.

కువైట్‌కు పోయే ముందు ఒక సన్నటి ఉంగరం ఇచ్చి, రెండేళ్ళు ఆగమన్నాడు. తల ఊపాను. ఏడాది తిరగకముందే ఇంట్లో సంబంధం చూశారు. అప్పుడూ అలాగే తల ఊపాను. మావాళ్ళు ఒప్పుకోరులే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, ఒప్పుకునేవాళ్ళు కాదు. కానీ నేను అడగనే లేదు కదా. అడిగి కాదనిపించుకున్న మనిషీ, నోరు తెరవకుండా కూర్చున్న నేనూ ఒకటేనా?

ఉంగరాన్ని ఏం చేయాలో తెలియలేదు. ముద్దనూరులో ఉన్న పెద్దమ్మ ఇంటికి పోతూ, బస్సు పెన్నా వంతెన ఎక్కినప్పుడు పిడికిలి కిటికీ బయట పెట్టాను. పిడికిలి విప్పలేకపోయాను. అత్తగారింట్లో కొత్త కోడలి పెట్టెను ఎవరైనా తెరవొచ్చు, ఎవరైనా సర్దొచ్చు. దాచుకోవడానికి చోటు లేదు.

మా వైపు తాళికి రెండు బొట్లు ఉంటాయి. ఒకటి అత్తింటివాళ్ళు చేయిస్తారు, ఇంకొకటి పుట్టింటివాళ్ళు. పుట్టింటి బొట్టుకు బంగారం మన కళ్ళముందే కరగాలని మా ఇంట్లో ఆనవాయితీ. మంచిరోజు చూసి అమ్మ నన్ను ప్రొద్దుటూరులో మాకు తెలిసిన ఆచారి దగ్గరికి తీసుకుపోయింది. పాత కమ్మలు తీసి ఇచ్చింది. ఆయన వాటిని తూచి, బొట్టు పలచగా వస్తుందన్నాడు. అమ్మ ముఖం చిన్నబోయింది.

నేను బ్యాగులోంచి ఉంగరం తీశాను. కాలేజీ స్నేహితురాలు పెండ్లి కానుకగా ఇచ్చిందన్నాను. అది అప్పటికప్పుడు పుట్టిన అబద్ధం కాదు. దోవ పొడుగునా నేర్చుకుంటూ వచ్చాను.

ఆచారి ఉంగరాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, అమ్మను కాకుండా నన్ను అడిగాడు.

"ఇది గూడా ఏసేదా పాపా? కరిగినాంక మళ్ళా నాది నాకియ్యి అంటే రాదు."

"ఏయండి" అన్నాను.

"తాళిలో పడినదాన్ని మళ్ళా ఎవురడుగుతార్లేప్పా" అని అమ్మ నవ్వింది.

నేను బంగారం కరిగే మూసలోకి చూస్తూ కూర్చున్నాను. కమ్మలు ముందు కరిగాయో ఉంగరం ముందు కరిగిందో తెలియలేదు. ఎర్రగా ఒకే ముద్దయింది. అమ్మ దానికి దండం పెట్టుకుంది. నన్నూ పెట్టుకోమంది. పెట్టుకున్నాను.

పెండ్లయి పులివెందులకు వచ్చాను. మా ఆయనకు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం. నేను ఆయన్ని మామా అని పిలుస్తాను. మా పెండ్లినాటికే వాళ్ళమ్మ లేదు. ఆమె చేతి గాజును కరిగించి అత్తింటి బొట్టు చేయించారు. షిఫ్టుకు పోయే ముందు ఆయన గడప దగ్గర నన్ను నిలబెట్టి, బొట్టును రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు అలాగే ఉండి, పోయొస్తా అంటాడు. ఎవరూ నేర్పింది కాదు, ఆయనకు ఆయనే పెట్టుకున్న అలవాటు. ఆయన వేళ్ళు దేన్ని పట్టుకున్నాయో చూడలేక నేను కళ్ళు మూసుకుంటాను. అది భక్తి అనుకుని ఆయన మురిసిపోతాడు.

ఆయన మీద నాకు ప్రేమ లేదనుకోకండి. నేను చదువుకుంటుంటే చీనీకాయ వలిచి, తొనల మీది పొర కూడా తీసి గిన్నెలో పెట్టి పోతాడు. అలాంటి మనిషిని ప్రేమించకుండా ఉండడం కష్టం. అయినా, చదివే పుస్తకంలో ఒక మంచి వాక్యం తగిలితే నా చేయి మెడ దగ్గరికి పోతుంది. అతనికీ పెండ్లయిందని విన్నాను. బాగుండాలనే కోరుకుంటాను. కోరుకుంటూనే ఆ బొట్టును తడుముకుంటాను. ఇది ఒక మనిషి మీద ప్రేమా, ఆ బస్సులో కూర్చున్న నా మీద నాకే ఉన్న బెంగా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా ఒకే జవాబు రాదు.

కానీ ఈమధ్య జరిగిన ఒక పని గురించి నాకు అనుమానం లేదు.

బొట్లు తాడు దూరే చోట అరిగిపోయాయి. మా ఆయన సెలవు రోజు చూసుకుని బండి మీద నన్ను ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. అదే ఆచారి. నన్ను గుర్తుపట్టలేదు. బొట్లు తీసేముందు మెడలో పసుపు కొమ్ము కట్టుకున్నాను. ఆచారి రెండింటినీ వెనకా ముందూ చూసి, అతికినా ఎక్కువకాలం ఆగవు, రెండూ కలిపి కరిగిస్తే మందంగా కొత్తవి చేసిస్తానన్నాడు. మా ఆయనకు ఆ మాట బాగా నచ్చింది. మా అమ్మదీ మీ అమ్మదీ ఒకటైపోతాది అన్నాడు.

"వద్దు మామా. కలపొద్దు."

అంత గట్టిగా నేను ఎక్కడా మాట్లాడలేదు. ఇద్దరూ నా వైపు చూశారు.

"మాయమ్మతో నీకేం కొట్లాటమే? కండ్లతో గూడా సూల్లేదు గదా ఆమెను" అన్నాడు మా ఆయన. ఆచారి నవ్వాడు. నేనూ నవ్వాను. పుట్టింటిది పుట్టింటిదిగానే ఉండనీ అన్నాను. మా ఆయన మళ్ళీ అడగలేదు. అరిగిన చోట్ల అతికిచ్చేయమన్నాడు.

ఆ అంగడి బల్ల మీద కూర్చుని, ఎందుకు వద్దన్నానో నాకు నేను చెప్పుకుంటూ పోయాను. మా అత్త గాజు బంగారంలో నా అబద్ధం కలవకూడదు. ఆమెకు నేను చేయగలిగిన మర్యాద అదొక్కటే. ఎంత బాగున్నాయో ఆ మాటలు. చాలాసేపు నమ్మాను కూడా. అంతలో ఆచారి అతకడం ముగించి రెండు బొట్లూ నా ముందు పెట్టాడు. నా చేయి ముందు దేని మీదికి పోయిందో నేను చూశాను. నేను కాపాడింది మా అత్త బంగారాన్ని కాదు. ఆ ఉంగరం ఇంకొకరి దానిలో కలిసి ఇంకా పలచబడకూడదని, నాది నాకే మిగలాలని అరిచాను. పెండ్లికి ముందు చేసింది పిరికితనం అనుకోవచ్చు. ఇది అది కాదు. ఇది అన్నీ తెలిసి చేశాను.

ఆయనకు చెబుతానా? చెప్పను. చెప్తే నాకు తేలికవుతుంది, గడప దగ్గర ఆయన వేళ్ళకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఇది కూడా, పుస్తకానికి వేసినట్టు, నా పిరికితనానికి నేను వేసుకున్న మంచి అట్ట కావచ్చు. మీకు చెప్పినందుకు బరువు దిగిపోలేదు. బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నంత ఊరట. అదీ చాలనిపిస్తోంది.

ఈ పొద్దున ఆయన షిఫ్టుకు పోతూ ఎప్పటిలాగే బొట్టు పట్టుకున్నాడు. ఈసారి నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఆయన వేళ్ళ మధ్య ఉన్నది పుట్టింటి బొట్టే.

"ఆ పొద్దు అంగట్లో కలపొద్దంటివి సూడు, మంచి పని జేసినావుమే" అన్నాడు. "గనిలోకి దిగేటప్పుడు నా యేళ్ళకు మీ ఇంటిదే గుర్తుంటాది. శానా నున్నగా ఉంటాది ఇది. మారిపోతే యెట్లబ్బా అనుకుంటాంటి."