కుళాయి మరిచిన పూట

మెకానిక్ బాబాయ్ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్లలోనూ ఎవరి చేతా మాట పడలేదు. పడకపోవడం ఆయనకు అలవాటైపోయింది.

ఓ ఉదయం నీళ్లు వస్తున్నాయేమోనని వంటింటి కుళాయి తిప్పి చూశాడు. రాలేదు. కట్టేయడం మరిచిపోయి కూరగాయలకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి నీళ్లొచ్చి, సింకులో గిన్నెలు అడ్డుపడి, వంటిల్లంతా చెరువు. ఆయనింకా గుడ్డ పిండుతుండగానే కింది వాటాలో ఉండే టైలరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆమె ఎంబ్రాయిడరీ మిషను మీద కప్పులోంచి నీళ్లు కారాయట. స్విచ్చి వేస్తే ఉలుకూ పలుకూ లేదట. పైపు పగిలిందేమోనని కూడా తనే అంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. స్క్రూడ్రైవర్ల డబ్బా తీసుకుని ఆమె వెనకే దిగాడు.

ముందు ప్లగ్గు పీకేసి, ఇక స్విచ్చి ముట్టుకోవద్దన్నాడు. మూత విప్పితే లోపలి సర్క్యూట్ బోర్డు మీద సున్నం కలిసిన తెల్లటి నీళ్లు నిలిచి ఉన్నాయి. బోర్డు బయటికి తీసి మళ్లీ బిగించాలంటే ఏ వైరు ఎక్కడిదో గుర్తుండాలి. ఈ మధ్య తన జ్ఞాపకం మీద ఆయనకే నమ్మకం తగ్గింది. టైలరమ్మ ప్రతి వైరుకూ, అది దిగే చోటుకూ జతగా ఒక్కో రంగు దారం కట్టింది.

బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ఆయన బోర్డును కడగబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. తడిసి చచ్చినదానికి మళ్లీ స్నానమా అని అడిగింది. ఆ సున్నమూ మట్టీ అలాగే ఎండితే రాగికి చిలుం పట్టి తినేస్తుందని ఆయన చెప్పాడు. పాత పళ్ల బ్రష్షుతో సందు సందూ మెల్లగా తోమాడు. ఆఖర్న స్పిరిట్‌తో కడిగి ఫ్యాను ముందు నిలబెట్టి, రెండు రోజులు ఆగాలన్నాడు. బియ్యం డబ్బాలో పెడితే త్వరగా ఆరుతుందటగా అని ఆమె అంటే, బియ్యం వండుకోవడానికే మంచివని నవ్వాడు.

ఆ రెండు రోజులూ ఆమె గుండీలు కుట్టుకుంది. ఆయన పూటకోసారి వచ్చి బోర్డును తిప్పి పెట్టాడు. రెండో సాయంత్రం భూతద్దంలోంచి చూస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"పైపు పగల్లేదమ్మా. కుళాయి కట్టేయడం నేనే మరిచాను."

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కించాకే మాట్లాడింది.

"నాకు ఆ రోజే తెలుసు బాబాయ్. మీరు దిగొచ్చినప్పుడు ప్యాంటు మోకాళ్లదాకా తడిసుంది. పైపే పగిలితే నీళ్లు కారడం ఆగేది కాదుగా."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు మొహం చెల్లక పైనే ఉండిపోయేవారు. నా మిషను ఎవరు చూస్తారు?"

ఆయనకు నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు. తల ఎలాగూ దించే ఉంది.

మర్నాడు ఊడిపోయిన ఒక అతుకుకు టంకం పెట్టి, దారాల రంగులు చూసుకుంటూ వైర్లన్నీ బిగించాడు. దీపం వెలిగింది, సూది కదిలింది. మిషను తెర మీద ఓ మూల మాత్రం మసక పోలేదు. కొత్త తెర తెస్తానని ఆయనంటే, ఆ మూలతో తనకేం పని లేదని ఆమె వద్దంది.

ఆగిపోయిన స్కూలు బ్యాడ్జీల పని మధ్యాహ్నమే మొదలైంది. ఆయన స్టూలు మీద కూర్చుని బ్యాడ్జీల వెనక మిగిలిన దారపు కొసలు కత్తిరించాడు. ఒకదానికి కొసలు పొడుగ్గా వదిలేస్తే ఆమె చూపించి, మళ్లీ కత్తిరించమంది. ఆయన మళ్లీ కత్తిరించి ఇచ్చాడు.